సాంచాలకు ఆర్డర్లు పంచే లెక్క

2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు మొదలైనప్పటి నుంచి మా సిరిసిల్లలో ఏ చాయ్ హోటల్లో కూర్చున్నా అదే పంచాయితీ: ఎవరికి ఎన్ని మీటర్లు? ఎన్ని సాంచాలు (మరమగ్గాలు) ఉంటే అంత వాటా ఇస్తే అయిపోయె కదా అంటారు చాలామంది. సరే, పైథాన్ ప్రోగ్రామ్‌లో పెట్టి చూశాను.

ఊహకు ఐదు యూనిట్లు: 4, 8, 12, 40, 136 సాంచాలు. ఆర్డర్ 20 లాట్లు, లాటును ముక్కలు చేయకూడదు. నాలుగు సాంచాల ఆసామికి న్యాయంగా 0.4 లాటు రావాలి. అందరికీ వాటాలోని పూర్ణాంకం మేరకు లాట్లు ఇచ్చేసి, మిగిలిన రెండు లాట్లు పెద్ద భిన్నం ఉన్నవాళ్లకు ఇస్తే ఆయనకు సున్నా. ప్రతి ఆర్డర్‌లోనూ సున్నానే! పెద్ద యజమానికి మాత్రం 14.

అందుకని ఆ 0.4ను బాకీగా రాసిపెట్టి తర్వాతి ఆర్డర్‌లో కలిపాను. వాటా 0.8 అయింది, రెండో ఆర్డర్‌లోనే లాటు దక్కింది. పెద్దాయనకు 13 వచ్చాయి. ఆయనకు పోయిందేమీ లేదు, మొదటిసారి హక్కుకు మించి తీసుకున్నదే సర్దుబాటైంది.

గడువు సంగతి వేరు. మోటారు కాలి ఒక్క సాంచా ఆగితే చిన్న ఆసామికి పావు వంతు పని పోతుంది. 136లో ఒకటి ఆగితే తెలియను కూడా తెలియదు. చిన్న యూనిట్లకు గడువు కాస్త వదులుగా ఉండాల్సిందే.

అసలు టెన్షన్ ఏంటంటే, కాగితం మీద 40 ఉండి నడిచేవి 25 అయితే? బాకీ పద్ధతి ఆ దొంగ లెక్కకూ లాట్లు ఇచ్చేస్తుంది. కరెంటు మీటరు రీడింగుతో సరిచూసే షరతు ఇప్పుడు కోడ్‌లో చేరుస్తున్నాను.