గుబ్బ రాయి

మదనపల్లె వదిలి బెంగళూరు వచ్చి పదకొండేళ్ళు. మారతహళ్ళిలో ఒక సెలూన్‌లో పని. ఇక్కడ కత్తి నూరే పనే లేదు. బ్లేడు సగానికి విరిచి పిడిలో దూర్చడం, గడ్డం అయ్యాక పారేయడం, అంతే. జబ్బుల భయం, కొత్త బ్లేడు కళ్ళారా చూస్తేగానీ కస్టమరు నిమ్మళంగా కూర్చోడు. అది తప్పనను. ఊరి నుంచి తెచ్చుకున్న తాత రాయి మాత్రం పెట్టె అడుగునే ఉండిపోయింది.

ఆమధ్య మన తెలుగు సాఫ్ట్‌వేర్ కుర్రాడొకడు జర్మనీలోని సోలింగెన్ ఊళ్ళో చేసిన మంగలి కత్తి పట్టుకొచ్చాడు. "అన్నా, దీనికి పదును పెడతావా?" రాయి బయటికి తీశాను. ఓనరు వంగి చూసి "ఇదు యావ కల్లు?" అన్నాడు. కన్నడంలో కల్లంటే రాయేలే గానీ, ఇన్నేళ్ళయినా ఆ మాట వింటే నాకు ముంతే గుర్తొస్తుంది.

రాయి నడుమ కాస్త ఉబ్బి ఉంది. వాడి వాడి అలా అయ్యిందనుకుని వాటర్ పేపరు, అదే తడిపి రుద్దే గరుకు కాగితం, మీద రుద్ది చదును చేసేశాను. తర్వాత నేర్చుకున్నట్టే నూరాను. వెన్నూ పదునూ రెండూ రాయికి ఆనాలి, కోణం సంగతి వెన్ను మందమే చూసుకుంటుంది. రాయి మీద పదును ముందు, తోలుపట్టా మీద వెన్ను ముందు. తిప్పేటప్పుడు వెన్ను మీదే దొర్లించాలి. అన్నీ చేసినా నడుమ తెగదే! పదును వెంట మార్కరు పూసి ఒక్కసారి లాగి చూశాను. ఒక వైపున రెండు కొనల్లో సిరా పోయింది, మధ్యలో అలాగే ఉంది. కత్తే సన్నంగా వంకర.

నాయనకు ఫోన్ చేశాను.

"సదును చేసేస్తివా! అరిగితే గుంత పడతాది గానీ గుబ్బ యాడన్నా లేస్తాదా? మీ తాత కూర్చోని కొనలు అరగదీసినాడురా దాన్ని."

పదకొండేళ్ళు చేతిపని చేసినవాడికి ఆ పాటి తట్టలేదు. గుబ్బ మీద కత్తి ఒక్కోసారి కొంచెం మేరే ఆనుతుంది, అందుకే వంకర లోపలికీ రాయి అందుతుంది.

మంగళవారం సెలవు. మేడ మీద వాటర్ పేపరు పరిచి, నీళ్ళు చల్లి, రాయిని ఉయ్యాలలా ఊపుతూ రుద్దాను. రెండు మంగళవారాలు పోయాయి. గుబ్బ ఎక్కువ అక్కర్లేదు, పైన స్కేలు నిలబెడితే కొనల కింద వెలుతురు కనబడితే చాలు.

మళ్ళీ మార్కరు పూసి లాగాను. సిరా ఎక్కడా మిగల్లేదు.

"ఎంతివ్వాలన్నా?" అన్నాడు కుర్రాడు. గోడ మీది రేటు బోర్డు పైనుంచి కిందిదాకా చదివాను. అందులో కత్తి నూరడం లేదు.