కాక్‌టీల్ బీరువా వెనక దూరుతోందా? ముందు ట్యూబ్‌లైట్ సంగతి చూడండి

నిన్నటిదాకా భుజం మీద కూర్చున్న కాక్‌టీల్ (తల మీద కుచ్చుండే చిన్న పెంపుడు చిలుక) ఉన్నట్టుండి సోఫా కింద దూరుతుంది. బీరువా వెనక సందులో నక్కి, దగ్గరికెళ్తే బుసకొడుతుంది. రోజంతా చిన్నచిన్నగా పడే రెట్ట, గంటలకొద్దీ ఆగి ఒకేసారి పెద్ద ముద్దగా పడుతుంది. ఈ మూడూ కలిసి కనిపిస్తే చాలావరకు అది జబ్బూ కాదు, పొగరూ కాదు. పిట్ట గూడు కట్టే పనిలో పడింది.

ఇంకొన్ని గుర్తులున్నాయి. ఆడపిట్ట ముందుకు వంగి, తోక పైకెత్తి సన్నగా కూస్తుంది. మగది రెక్కల్ని ఒంటికి కాస్త దూరంగా పట్టుకుని అటూ ఇటూ నడుస్తూ, ముక్కుతో చెక్క మీద టకటకా కొడుతుంది. పీచ్‌ఫేస్ లవ్‌బర్డ్ ఆడదైతే కాగితాన్ని సన్నటి పట్టీలుగా కత్తిరించి నడుము ఈకల్లో దోపుకుంటుంది. తల పైకీ కిందికీ ఊపుతూ మీ వేలి మీదో, అద్దం ముందో గింజలు కక్కితే అది జోడుకు మేత పెట్టడం. తల విదిలిస్తూ చుట్టూ చిమ్మి, ముఖం ఈకలు జిగటగా అంటుకుపోతే మాత్రం వాంతి. దానికి డాక్టరు కావాలి, ఈ పోస్టు కాదు.

రామచిలుకను ఇంట్లో పెంచడమే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కాబట్టి ఇక్కడ రాసేదంతా కాక్‌టీల్, బడ్జీ, లవ్‌బర్డ్, చిన్న కనూర్ లాంటి విదేశీ చిలుక జాతుల గురించే.

కాక్‌టీల్ సొంత ఊరు ఆస్ట్రేలియా లోపలి మెట్ట ప్రాంతం. అక్కడ దానికి ఫలానా నెలలో పిల్లలు పెట్టాలన్న లెక్క గట్టిగా ఉండదు. వాన పడి, గడ్డి గింజ పట్టి, చెట్టు తొర్ర దొరికితే అదే సీజన్. మన ఇంట్లో ఏడాది పొడుగునా గిన్నె నిండా గింజ, బీరువా వెనక చీకటి సందు, ఒళ్లు నిమిరే చెయ్యి, రాత్రి పదకొండు దాకా వెలుగు. ఇన్ని చూశాక పిట్ట తప్పేముంది?

వీటిలో ఎవరూ పట్టించుకోనిది వెలుగు. తిరుపతిలో జూన్ నెల పగలు 13 గంటలకు కాస్త తక్కువ, డిసెంబరులో 11 గంటల 20 నిమిషాల దగ్గర. ఏడాది మొత్తంలో తేడా గంటన్నరకు కాస్త పైన, అంతే. అంటే మన పిట్టను రెచ్చగొట్టేది సూర్యుడి కంటే హాల్లో ట్యూబ్‌లైటూ టీవీనే. ధనుర్మాసంలో ఇది మరీ ఎక్కువ. తెల్లవారుజామున నాలుగింటికే పూజకు లైట్లు, వీధిలో మైకులో తిరుప్పావై, రాత్రి సీరియల్ అయ్యేదాకా మళ్లీ లైట్లు. పిట్ట లెక్కలో అది పద్దెనిమిది గంటల పగలు. అంతకుముందే అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాల వానలు పడి ఉంటాయి. సంక్రాంతి ముందు మన వైపు కాక్‌టీల్ గుడ్డు పెడితే అందులో వింతేమీ లేదు.

రోజూ 12 గంటల చీకటి మామూలుగానే ఉండాలి. గూడు లక్షణాలు మొదలైతే మూడు వారాలపాటు 13 నుంచి 14 గంటలకు పెంచండి. రాత్రి 7 నుంచి ఉదయం 8 దాకా అన్నది చాలా ఇళ్లలో కుదిరే వేళ. హాల్లో ఉన్న పంజరం మీద గుడ్డ కప్పితే చాలదు, టీవీ చప్పుడు, సందుల్లోంచి వెలుగు తెలుస్తూనే ఉంటాయి. ఎవరూ తిరగని గదిలో నిద్రకోసం ఇంకో చిన్న పంజరం పెట్టడం నయం. అందులో ఒక కర్ర, నీళ్లు చాలు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా దుప్పటి కప్పొద్దు. ఇక్కడి ఎండకు లోపల గాలాడక పిట్ట నోరు తెరిచి రొప్పుతుంది. పల్చటి నల్ల నూలుగుడ్డ మూడు వైపులా వేసి, నాలుగో వైపు గోడకేసి తెరిచి ఉంచండి. కాక్‌టీల్ చిమ్మచీకట్లో ఉలిక్కిపడి రెక్కలు కొట్టుకుని గాయపడుతుంది కాబట్టి చిన్న నైట్‌ల్యాంపు నేల దగ్గర, వెలుగు పంజరం మీద పడకుండా పెట్టాలి.

రెండోది తొర్ర. బడ్జీల పంజరంలో వేలాడదీసే మట్టి కుండ, గుడ్డతో కుట్టిన గుడిసె, కొబ్బరి చిప్ప ఇల్లు, అద్దం అన్నీ తీసేయండి. 'పాపం, పడుకోవడానికి' అని కుండ పెడతారు గానీ ఈ జాతులు మామూలుగా కర్ర మీదే నిద్రపోతాయి, కుండ గుడ్ల కోసమే. పంజరం అడుగున జాలీ ఉంచి, కాగితం దాని కిందకి పోవాలి. పైన వేస్తే చింపి గూడు చేస్తుంది. బయట వదిలే సమయంలో బీరువా వెనక, ఫ్రిజ్ కింద, అలమార అరలు, ఉతికిన బట్టల కుప్ప అందకుండా చూడండి. సందుకు అట్టముక్క అడ్డం పెడితే దాన్నే కొరికి గూటికి వాడుకుంటుంది, చెక్క పలక కావాలి. ఇప్పటికే సందులో కూర్చున్నదాన్ని చెయ్యిపెట్టి లాగితే రక్తం వచ్చేలా కరుస్తుంది. కర్ర అందించి ఎక్కించుకోండి. పంజరాన్ని వేరే గోడకు మార్చి, లోపలి కర్రల చోటు వారానికోసారి మారుస్తుంటే 'ఇది నా గూడు' అన్న పట్టు సడలుతుంది. కొరకడానికి వేప, జామ కొమ్మలు ఇవ్వండి. తాటాకు, కొబ్బరి పీచు, కాగితం లవ్‌బర్డ్‌కు ఇప్పుడు వద్దు, అవన్నీ గూడు సామాను.

చెయ్యి సంగతి రెండు ముక్కల్లో: తల, మెడ వరకే నిమరండి. వీపు, రెక్కల కింద, పొట్ట, తోక మొదలు ముట్టుకుంటే పిట్ట మిమ్మల్ని జోడు అనుకుంటుంది. చేతికో దిండుకో ఒళ్లు రుద్దుకుంటుంటే కేకలేయకుండా కర్ర మీదకి దించి, పక్కకు వెళ్లిపోండి.

మేత దగ్గర పొరపాట్లు ఎక్కువ. పొద్దుతిరుగుడు గింజలు, చెనక్కాయలు, ఉడికించిన గుడ్డు, మొలకలు, వేడివేడి పప్పన్నం, మామిడిపండు ఈ మూడు వారాలు ఆపండి. మెత్తగా వెచ్చగా ఉండేది ఏదైనా జోడు కక్కి పెట్టే మేతలాగే ఉంటుంది. తోతాపురి సీజన్లో ఇంట్లో వాళ్లు తలా ఒక ముక్క పెట్టేస్తారు, అక్కడ కాస్త కట్టడి చేయాల్సిందే. 90 గ్రాముల కాక్‌టీల్‌కు కొర్రలు, సజ్జలు, రాగులు కలిపిన గింజ రోజుకు టేబుల్‌స్పూనున్నర, ఉదయం సాయంత్రం రెండు పూటలుగా. పస్తు పెట్టమని కాదు, గిన్నె నిండుగా పోయొద్దని. వంటింటి డిజిటల్ త్రాసు మీద రోజూ ఉదయం మేతకు ముందు తూచండి. బరువు పదోవంతు తగ్గితే మేత కోత ఆపి డాక్టరుకు చూపించాలి.

కాల్షియం మాత్రం ఏ దశలోనూ ఆపకూడదు. కటిల్‌బోన్ (పిట్టలు కొరుక్కునే, కాల్షియం ఉన్న తెల్లటి సముద్రజీవి పెంకు) ఎప్పుడూ వేలాడుతూ ఉండాలి. మన సంగటి రాగుల్లో 100 గ్రాములకు 340 మిల్లీగ్రాముల దగ్గర కాల్షియం ఉంటుంది, కొర్రల్లో అందులో పదోవంతు కూడా ఉండదు. ఆకుల్లో మునగాకు మంచిది. పాలకూర, తోటకూరల్లో ఆక్సలేట్లు ఎక్కువ, అవి కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. విటమిన్ డి కోసం చీకటి వేళ ముగిశాక ఉదయం పూట కాసేపు ఎండ తగలాలి. అద్దంలోంచి వచ్చే ఎండ పనికిరాదు. సగం పంజరం నీడలో ఉండాలి. తిరుపతి మిద్దెల మీద కోతులుంటాయి కాబట్టి మనిషి పక్కన లేకుండా బయట పెట్టొద్దు.

ఇంతలోనే గుడ్డు పెట్టేసిందనుకోండి. మగపిట్ట లేకపోయినా ఆడది గుడ్లు పెడుతుంది, వాటిలోంచి పిల్లలు రావు. ఇక్కడ జరిగే పెద్ద నష్టం గుడ్డును తీసి పారేయడం. తీసిన కొద్దీ లెక్క పూర్తి చేయడానికి మళ్లీ పెడుతుంది, ఒక్కో గుడ్డు పెంకుకు ఎముకల్లోని కాల్షియం కరుగుతుంది. కాక్‌టీల్ రోజు విడిచి రోజు మొత్తం 4 నుంచి 6 పెడుతుంది. పెన్సిలుతో గుర్తు పెట్టి, దొర్లకుండా లోతు తక్కువ గిన్నెలో అక్కడే ఉంచండి. జోడుగా మగది కూడా ఉంటే ప్రతి గుడ్డును పెట్టిన రోజే పది నిమిషాలు ఉడకబెట్టి, పూర్తిగా చల్లార్చి తిరిగి పెట్టండి. ప్లాస్టిక్ గుడ్లు దొరికితే అవీ సరే. మూడు వారాలకు పైగా పొదిగి, తనంతట తనే లేచిపోతుంది. అప్పుడు అన్నీ ఒకేసారి తీసి, అదే రోజు పంజరం చోటు మార్చండి. గుడ్లు పెడుతున్న రోజుల్లో మేత కోతా, పంజరం మార్పులూ ఏవీ చేయొద్దు. ఆ పని ముందో తర్వాతో.

ఈకలు ఉబ్బించి పంజరం అడుగున కూర్చోవడం, ముక్కుతూ తోక పైకీ కిందికీ ఆడించడం, కాళ్లు పట్టు తప్పడం కనిపిస్తే గుడ్డు అడ్డం పడి ఉండొచ్చు. ఇది గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. పొట్ట నొక్కొద్దు, నూనె పోయొద్దు. చలికాలమైతే గోరువెచ్చని నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెట్టి 30 డిగ్రీల దగ్గర వెచ్చగా ఉంచండి. మే నెలలో గది ఎలాగూ అంతకంటే వేడి, బల్బు పెట్టి ఉడికించొద్దు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కాలేజీ ఆసుపత్రి ఉంది. చిత్తూరు నుంచైనా బయల్దేరే ముందు ఫోన్ చేసి పక్షులను చూసే డాక్టరు ఉన్నారో లేదో కనుక్కోండి.

'జోడు తెస్తే సర్దుకుంటుంది' అనే సలహా వినొద్దు. జోడు తెస్తే నిజం గుడ్లొస్తాయి, తర్వాత పిల్లలు, తర్వాత వాటికి ఇళ్లు వెతకడం. ఏడాదికి రెండు విడతలు దాటి గుడ్లు పెడుతుంటే గుడ్లు పెట్టడాన్ని ఆపే ల్యూప్రోలైడ్ లాంటి హార్మోన్ ఇంజెక్షన్లున్నాయి, అది డాక్టరు తూకం చూసి వేసేది. వెలుగూ తొర్రా మార్చకుండా ఇంజెక్షన్ ఒక్కదాన్నే నమ్ముకుంటే దాని పవరు తగ్గగానే కథ మొదటికొస్తుంది.

మూడు వారాల్లో ముందుగా మారేది రెట్ట. మళ్లీ చిన్నగా, తరచుగా పడుతుంది. బుసకొట్టడం, కరవడం ఆఖరున తగ్గుతాయి. ఆ తర్వాత గుడ్డుముక్క, మామిడిముక్క వారానికోసారి మొదలుపెట్టొచ్చు. కుండా అద్దమూ మాత్రం మళ్లీ లోపలికి వద్దు, చీకటి పన్నెండు గంటలకు తగ్గొద్దు.