అన్నం మానేసి చికెన్ మొదలుపెట్టే ముందు

బెజవాడలో ఇప్పుడు బరువు తగ్గాలనుకున్నవాళ్లంతా ముందు అన్నం గిన్నె పక్కన పెట్టేస్తున్నారు. ప్రోటీన్ పెంచడం మంచిదే. తొందరగా ఆకలేయదు, కొవ్వుతో పాటు కండ కరిగిపోకుండా కాస్తుంది. కానీ లెక్క ఉండాలి.

మామూలు మనిషికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలు. బరువు తగ్గేవాళ్లకు 1.2 పెట్టుకోండి. అంటే 70 కిలోలకు 84 గ్రాములు. మూడు గుడ్లలో 18, 150 గ్రాముల పచ్చి చికెన్‌లో దాదాపు 33, 50 గ్రాముల కందిపప్పులో 11, పావుకిలో పెరుగులో 8, గుప్పెడు వేయించిన శనగల్లో 6. మిగతాది కప్పు అన్నం, కూరల్లో వచ్చేస్తుంది. పౌడర్ డబ్బా కొనక్కర్లేదు.

దెబ్బతినేది నూనె దగ్గరే. పెద్ద చెంచా నూనెకి 120 క్యాలరీలు. కోడి వేపుడులో అలాంటివి ఎన్ని పడతాయో చూడండి. పెసరట్టు భేషైన టిఫినే, అంచుల చుట్టూ నూనె పోసి మధ్యలో ఉప్మా పెట్టించుకుంటే మాత్రం లెక్క తప్పుతుంది.

మొదటి వారం తగ్గే బరువులో ఎక్కువ భాగం నీరే. పిండిపదార్థం తగ్గిస్తే ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్‌తో (నిల్వ ఉన్న చక్కెరతో) పాటు ఆ నీరూ పోతుంది. మళ్లీ అన్నం తినగానే కిలో పెరిగిందని బెంగపడకండి.

కూరలు మానేస్తే మలబద్ధకం ఖాయం. బీరకాయ, సొరకాయ, తోటకూర రోజూ ఉండాల్సిందే. మన ఎండల్లో నీళ్లు ఇంకా ఎక్కువ తాగాలి.

షుగర్, బీపీ ఉన్నవాళ్లు మొదలుపెట్టకముందే కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించుకోండి. కిడ్నీ జబ్బు ఉంటే ఈ డైట్ డాక్టర్ చెప్పకుండా వద్దే వద్దు.