వేలిముద్ర పడని చేతులతో నర్సింగ్ అసిస్టెంట్ ట్రైనింగ్: నా అనుభవం

నిన్న సాయంత్రం రిజల్ట్ వచ్చింది. జనరల్ డ్యూటీ అసిస్టెంట్, అంటే ఆస్పత్రిలో రోగులకు తినిపించడం, స్నానం, పక్క మార్చడం లాంటి పనులు చేసే సహాయకురాలి కోర్సు పాసయ్యాను. మా అమ్మాయి ఫోన్‌లో చూసి చెప్పగానే నాకు మార్కుల కంటే ముందు ట్రైనింగ్ సెంటర్‌లో వేలిముద్ర పెట్టే ఆ హాజరు మిషనే గుర్తొచ్చింది. కడుపులో మంట చల్లారకముందే రాసేస్తున్నాను. నాలాగా బీడీలు చేసి, మిరపకాయలు ఏరి, గిన్నెలు తోమి వేళ్లు అరిగిపోయిన ఆడవాళ్లు ఈ ట్రైనింగ్‌కు వెళ్లాలనుకుంటే ఇది చదివి వెళ్లండి.

నాకు 36 ఏళ్లు. జగిత్యాల వైపు పల్లె మాది. పదో తరగతి అయ్యాక పెళ్లి, ఆ తర్వాత పదహారేళ్లు బీడీలే. మా అత్తమ్మ పక్షవాతంతో రెండేళ్లు మంచంలో ఉంటే తినిపించడం, స్నానం, మలమూత్రాలు ఎత్తిపోయడం అన్నీ నేనే చేశాను. ఆమె పోయాక మా మహిళల గ్రామ సంఘం లెక్కలు చూసే వీఓఏ ఒకరోజు ఇంటికొచ్చి, "ఇంత చాకిరీ ఉత్తగనే చేసినవ్ అక్కా, అదే పని నేర్చుకుంటే జీతం వస్తది గదా" అంది. ఆ మాట నా తలలో ఉండిపోయింది.

పేరు రాయించుకోవడం తేలికే. పల్లె వాళ్లకు పని నేర్పే ప్రభుత్వ పథకం దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన కింద ఫీజు లేదు, హాస్టల్, యూనిఫాం వాళ్లే ఇచ్చారు. మామూలుగా 35 ఏళ్ల లోపు వాళ్లకే అంటారు కానీ ఆడవాళ్లకు 45 వరకు అవకాశం ఉంది. ఇది తెలియక మా ఊళ్లో ఎంతమంది వయసు దాటిపోయిందని ఊరుకున్నారో. తెలంగాణలో ఈజీఎంఎం, ఆంధ్రాలో సీడాప్ అనే ప్రభుత్వ సంస్థలు ఈ పథకాన్ని చూస్తాయి. ఆధార్, పదో తరగతి మెమో, బ్యాంకు పాస్‌బుక్, ఫొటోలు ఇచ్చాను. కరీంనగర్‌లో సెంటర్. ఇక్కడివరకు ఎవరినీ ఒక్క మాట అనడానికి లేదు.

మొదటిరోజు పొద్దున అందరూ వరుసలో నిలబడి మిషన్ మీద బొటనవేలు పెట్టి లోపలికి వెళ్తున్నారు. నా వంతు వచ్చింది. ఎర్ర లైటు. కొంగుకు తుడుచుకొని మళ్లీ పెట్టాను. మళ్లీ ఎర్ర లైటు. కుడిది పడకపోతే ఎడమది పెట్టమన్నారు. అదీ పడలేదు. వెనకాల ఇరవై మందికి పైగా ఆడపిల్లలు, పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వాళ్లు. నా వేలు పడదన్న సంగతి అప్పటిదాకా నాకే తెలియదు. రేషన్ షాపుకు ఎప్పుడూ మా ఆయనే పోయేవాడు. సంఘం లోన్‌కు సంతకం పెడితే సరిపోయేది.

సెంటర్ కోఆర్డినేటర్ మా తమ్ముడి వయసు ఉంటాడు. నా చేయి పట్టుకొని వేళ్లు వెనక్కీ ముందుకూ తిప్పి చూశాడు. "ఇంతకుముందు ఏం పని చేసేదానివి?" అన్నాడు. బీడీలు సార్ అన్నాను. "అందుకే. గీతలే లేవు. ఈ చేతులతో పేషెంట్లను ఏం చూస్తావమ్మా?" ఆ మాటకు ఇద్దరు ముగ్గురు పిల్లలు నవ్వారు. ఆ నవ్వు చెవుల్లోంచి పోవడానికి నాకు నెల పట్టింది.

ఆ రాత్రి నుంచి మొదలైంది నా తిప్పలు. ఒకరు నిమ్మచెక్క రుద్దమన్నారు. ఒకరు వ్యాజిలిన్ పెట్టి పడుకోమన్నారు. వేడినీళ్లలో నానబెట్టమన్నారు, తలకు రుద్ది వెంటనే పెట్టమన్నారు. అన్నీ చేశాను. ఒక రోజు ఎట్లాగో పడింది, సంతోషపడ్డాను. తర్వాత నాలుగు రోజులు పడలేదు. రిజిస్టర్‌లో సంతకం పెడతాను సార్ అంటే, సంతకం లెక్కకు రాదు, మిషన్‌లో పడిన హాజరుకే మాకు డబ్బులు అన్నాడు. నేనేమో రోజూ మొదటి బెంచీలో కూర్చుంటున్నాను. గోడ మీద అంటించిన లిస్టులో మాత్రం నా పేరు పక్కన అబ్సెంట్, అబ్సెంట్, అబ్సెంట్.

రెండో వారం చివర ఎవరో మేడం సెంటర్ చూడడానికి వచ్చింది. క్లాసు మధ్యలో కోఆర్డినేటర్ నన్ను లేపి, "చేతులు చూపించు" అన్నాడు. స్కూల్లో దెబ్బలు తినే పిల్లలా రెండు చేతులూ చాపి నిలబడ్డాను. ఆమె చూసి, పాపం అని తల ఊపి వెళ్లిపోయింది. అప్పుడు చెప్పాడు, వచ్చే సోమవారం దాకా వేలు పడకపోతే ఇంటికి పోవడమేనని. రాత్రి మా ఆయనకు ఫోన్ చేస్తే, "వచ్చెయ్, బీడీలు యాడికి పోతయ్" అన్నాడు. కోపంతో అనలేదు, నా బాధ చూడలేక అన్నాడు. అయినా నాకు ఏడుపు ఆగలేదు.

ఆ మిషన్ ఆధార్‌లో ఉన్న వేలిముద్రలతోనే పోల్చి చూస్తుంది కాబట్టి శనివారం పర్మిషన్ అడిగి ఆధార్ సెంటర్‌కు వెళ్లాను. ఎనిమిది గంటలకు పోతే రెండు గంటలకు నా టోకెన్ వచ్చింది. మిషన్ దగ్గర ఉన్న అమ్మాయి విసుక్కోకుండా నా పది వేళ్లూ ఒక్కొక్కటిగా పెట్టించి చూసింది. బొటనవేళ్లు, చూపుడువేళ్లు, మధ్యవేళ్లు ఒక్కటీ రాలేదు. ఎడమచేతి ఉంగరపు వేలు మాత్రం మొదటిసారికే వచ్చింది. "అక్కా, బొటనవేలే పెట్టాలని మీకు ఎవరు చెప్పిన్రు? పదింట్ల ఏదైనా నడుస్తది" అంది.

నేను అక్కడే కుర్చీలో కూర్చొని చేతులు చూసుకున్నాను. ఆకు కత్తిరించేటప్పుడు, తంబాకు పోసి చుట్టేటప్పుడు, దారం కట్టేటప్పుడు ఏ వేళ్లు ఒరుసుకుంటాయో మాకు తెలియనిదా? ఎడమ ఉంగరపు వేలికి అంత పని ఉండదు. దాని గీతలు దానికే ఉన్నాయి. పన్నెండు రోజులు నన్ను దొంగలా నిలబెట్టింది మిషన్ కాదు. ఇంకో వేలు పెట్టి చూద్దామన్న ఆలోచన లేని మనిషి. నిజామాబాద్, కామారెడ్డి, సిరిసిల్ల, జగిత్యాల వైపు ఎన్ని ఇళ్లలో ఆడవాళ్లు బీడీల చాట ముందు కూర్చుంటారు! ఈ ప్రాంతంలో సెంటర్ తెరిచినవాళ్లకు మా వేళ్ల సంగతి ముందే తెలియాలి. మా ఊరి రేషన్ షాపులో వేలు పడకపోతే కంటిపాప చూసి బియ్యం ఇస్తారు. చదువు చెప్పే చోట ఆ మాత్రం దయ లేకపోతే ఎట్లా?

సోమవారం ఉంగరపు వేలు పెట్టాను. పచ్చ లైటు. కోఆర్డినేటర్ "ఆ, పడిందా, సరే" అని ఫోన్ చూసుకున్నాడు. తప్పయింది అక్కా అన్న మాట ఆ రోజు రాలేదు, కోర్సు అయ్యేదాకా రాలేదు. పోయిన రోజుల కోసం ఆదివారాలు కూడా కూర్చున్నాను. కాబట్టి చేరకముందే మీసేవకో ఆధార్ సెంటర్‌కో వెళ్లి పది వేళ్లల్లో ఏది బాగా పడుతుందో చూపించుకోండి. వేలిముద్రలు పాతవైతే అప్‌డేట్ చేయించుకోండి.

క్లాసులు కష్టం కాదు. నాడి నిమిషానికి 60 నుంచి 100, శ్వాస 12 నుంచి 20, చేతులు సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు కడగాలి, రక్తం అంటిన దూది పసుపు సంచిలో, సూదులేమో బయటికి పొడుచుకురాని గట్టి తెల్ల డబ్బాలో. రెండు వారాల్లో నోటికి వచ్చేస్తాయి. మాకు చెప్పింది రిటైరైన సిస్టర్ ఒకామె. ఆమెకు చేతులెత్తి దండం పెడతాను.

ఒక రోజు ఆమె మంచం పట్టిన మనిషిని ప్రతి రెండు గంటలకూ పక్కకు తిప్పాలని చెప్పింది. మడమలు, తుంటి, నడుము కింద, తల వెనక రోజూ చూడాలి, చర్మం ఎర్రబడితే అదే పుండుకు మొదలు అని చూపించింది. నాకు పెన్ను ఆగిపోయింది. మా అత్తమ్మకు నడుము కింద అరచేయంత పుండు పడింది. పొద్దున స్నానం చేయించి పడుకోబెడితే, బీడీల లెక్క అప్పజెప్పి వచ్చేదాకా ఆమె అట్లాగే వెల్లకిలా ఉండేది. ఒక్కరు కూడా చెప్పలేదు. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు మందుల చీటీ ఇచ్చారు కానీ, ఈ ఒక్క మాట చెప్పలేదు. చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చేయి ముందు, విప్పేటప్పుడు అదే చివర అని కూడా అప్పుడే తెలిసింది. ఆమె చేయి ఎన్నిసార్లు గుంజానో తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం విలవిల్లాడుతుంది.

ఆస్పత్రి ట్రైనింగ్ మొదటిరోజే ముగ్గురు పిల్లలు బెడ్‌ప్యాన్, అంటే మంచం మీదే మలమూత్రాలకు పెట్టే గిన్నె చూసి వెళ్లిపోయారు. వాళ్లను తప్పుపట్టను. ఇది తెల్ల కోటు వేసుకొని తిరిగే పని అని ఎవరో ఆశపెట్టి పంపారు. నాకు మొదట ఇచ్చింది తుంటి ఎముక విరిగిన ఒక పెద్దాయనను. బెడ్‌ప్యాన్ పెట్టబోతే కళ్లు గట్టిగా మూసుకొని, "మగపిల్లగాళ్లు ఎవరూ లేరా బిడ్డా" అన్నాడు. వార్డ్‌బాయ్ ఇంకో అంతస్తులో ఉన్నాడు. తెర లాగి, దుప్పటి మెడదాకా కప్పి, నా ముఖం కిటికీ వైపు తిప్పుకొని పని చేశాను. అయ్యాక ఆయన నా చేయి పట్టుకొని కాసేపు వదల్లేదు. గీతలు లేని చేయే అది.

అక్కడ ఊడ్వమంటారు, టీ తెమ్మంటారు. నేను చేశాను, మీరు మానేసినా తప్పులేదు. కానీ ఇంజెక్షన్ వెయ్యమన్నా, సెలైన్ పెట్టమన్నా ఒప్పుకోకండి. మేం నర్సులం కాదు. ఏఎన్ఎం రెండేళ్లు, జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నాలుగేళ్లు చదువుతారు. ఒక హోమ్ కేర్ ఏజెన్సీ మనిషి మా పిల్లలకు ఫోన్ చేసి, సూది వేయడం వస్తే రెండు వేలు ఎక్కువ ఇస్తానన్నాడు. ఏదైనా జరిగితే జైలుకు పోయేది ఆ పిల్లే. మన పని మనం బాగా చేస్తే చాలు. బాగా ఒత్తిగిలబెట్టి పడుకోబెట్టడం, తినిపించాక అరగంట కూర్చోబెట్టడం, మూత్రం కొలిచి రాయడం చిన్న పనులు కావు.

పరీక్షకు బయటి నుంచి వేరే ఆయన వచ్చాడు. టెన్షన్‌తో రాత్రి నిద్ర లేదు కానీ ముప్పావు గంటలో అయిపోయింది. మనిషి మంచం మీద ఉండగానే దుప్పటి మార్చి చూపించమన్నాడు. రెండేళ్లు ఇంట్లో చేసిన పనే కదా! ముడత లేకుండా వేసి మూలలు మడిచాను. మిగతా పిల్లలను పిలిచి, "ఈమె ఎట్లా చేసిందో చూడండి" అన్నాడు. కోఆర్డినేటర్ అక్కడే తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన విన్నాడు. నాకు అది చాలు.

కరీంనగర్‌లోనే ఒక ఆస్పత్రిలో ఉద్యోగం ఇచ్చారు. నెలకు 12,000, పీఎఫ్, ఒక పూట భోజనం. మొదటి పదిహేను రోజులు నైట్ డ్యూటీ. హాజరుకు అక్కడ ఏ మిషన్ ఉందో ముందే అడిగి తెలుసుకున్నాను. వేలిదే. ఎడమ ఉంగరపు వేలు నమోదు చేసుకోమని చెప్పి వచ్చాను.