జన్యువుల్లో ఉంటే ఇక అంతేనా?

"అంతా జీన్స్‌లోనే, జన్యువుల్లోనే ఉంది, ఇక మనం చేసేదేముంది?" అని మధ్యాహ్నం ఫోన్లో తేల్చేసింది వదిన. చిన్నదానికి ప్రాజెక్టులో ప్రైజ్ వచ్చిందన్న సంతోషం కూడా ఆ మాట కింద నలిగిపోయింది. ఈయన నిద్రపోయారు. నాకు పట్టడం లేదు.

ఎందుకంత కోపం వచ్చిందంటే, ఆ మాట వినగానే మా డిగ్రీ బయోకెమిస్ట్రీ మేడమ్ గుర్తొచ్చారు. ఒక రోజు సిలబస్ పక్కన పెట్టి 1934 నాటి నార్వే సంగతి చెప్పారావిడ. ఒక తల్లికి ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ బుద్ధి ఎదగలేదు. వాళ్ల మూత్రం ఏదో వింత వాసన వేస్తోంది. కారణం చెప్పమని ఆమె ఏళ్ల తరబడి డాక్టర్ల చుట్టూ తిరిగింది. చివరికి అస్బ్యోర్న్ ఫోలింగ్ అనే డాక్టర్ ఆ మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ అనే రసాయనం వేసి చూస్తే ఆకుపచ్చగా మారింది. తిండిలోని ప్రొటీన్లలో ఉండే ఫినైల్అలనిన్‌ను ఒళ్లు మార్చుకోలేక, అది పేరుకుపోయి మెదడును దెబ్బతీసే ఫినైల్‌కీటోన్యూరియా అనే జబ్బు అలా బయటపడింది. ఆ తల్లి పట్టు వదిలేసి ఉంటే? మేడమ్ ఆ ప్రశ్న వేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇదీ జీన్స్ జబ్బే. అయినా 1950ల మొదట్లో హోర్స్ట్ బికెల్ అనే డాక్టర్ బృందం ఫినైల్అలనిన్ బాగా తగ్గించిన ఆహారంతో ఒక పాపలో మార్పు తెచ్చింది. తర్వాత రాబర్ట్ గత్రీ, పుట్టిన బిడ్డ మడమ నుంచి తీసిన రక్తపు చుక్కతో జబ్బును ముందే పట్టే పరీక్ష తయారు చేశాడు. ఆయన మేనకోడలికీ ఇదే జబ్బు, ఆలస్యంగా బయటపడింది. జీన్ మారలేదు, పిల్లల బతుకులు మారాయి. ఇంత జరిగాక కూడా "చేసేదేముంది" అంటే ఒళ్లు మండదా?

ఇంతవరకు రాశాక ఇంగ్లండ్ డాక్టర్ ఆర్చిబాల్డ్ గ్యారడ్ గుర్తొచ్చి నా వాదనకి అడ్డొచ్చాడు. పసిబిడ్డ గుడ్డల మీద మూత్రం నల్లబడే ఆల్కాప్టోన్యూరియా మీద 1902లో రాశాడాయన. ఇది సూక్ష్మజీవుల పని కాదని, శరీర రసాయనంలోనే పుట్టుకతో వచ్చిన తేడా అని చెప్పాడు. ఆ పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది ఒకరికొకరు కజిన్స్ కావడం గమనించి, జన్యుశాస్త్రవేత్త బేట్‌సన్ సాయంతో, లక్షణాలు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు ఎలా వస్తాయో చెప్పే మెండెల్ సూత్రాలకు ముడిపెట్టాడు. మనిషి జబ్బుకి ఆ సూత్రాలు వర్తించడం అదే మొదలు. మరి మందు? ఆ జబ్బుకి నిటిసినోన్ అనే మందును యూరప్ ఆమోదించింది 2020లో! కారణం తెలిసి కూడా, ఈ జబ్బుతో పెద్దయ్యాక వచ్చే కీళ్ల నొప్పులతోనే ఎన్ని తరాలు గడిచిపోయాయో. వాళ్లకి వదిన మాట అక్షరాలా నిజమే. ఆమె మీద అంత విసుక్కోవాల్సింది కాదేమో.

కానీ గ్యారడ్ రాసింది వృథా పోలేదు. ఒక్కో జీన్ ఒక్కో ఎంజైమ్‌ను, అంటే ఒంట్లో రసాయన మార్పులు జరిపించే ప్రొటీన్‌ను, నడిపిస్తుందని 1941లో బీడిల్, టాటమ్ అనే శాస్త్రవేత్తలు రొట్టె బూజు మీద ప్రయోగాలతో చూపించారు. గ్యారడ్ ఎప్పుడో చూసిందే తాము మళ్లీ కనుగొన్నామని బీడిల్ 1958లో నోబెల్ ఉపన్యాసంలో చెప్పాడు. గ్యారడ్ 1936లోనే పోయాడు. ఆ మాట ఆయన చెవిన పడి ఉంటే ఎంత బాగుండేది!