తాతగారి తుపాకీ, రిజిస్టరులో ఒక అంకె

అమలాపురం దగ్గరి మా ఇంట్లో తాతగారి రెండు గొట్టాల తుపాకీ కొబ్బరితోట లెక్కల పుస్తకాలతో పాటు బీరువాలో ఉండేది. నాన్నగారు పోయాక దానిని పోలీస్ స్టేషన్‌లో అప్పగించి, వారసుడిగా నా పేర లైసెన్సుకు దరఖాస్తు చేశాను.

1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షను ప్రకారం, లైసెన్సు ఇచ్చే అధికారి సమీప పోలీస్ స్టేషన్ నుంచి నివేదిక తెప్పించుకోవాలి. మా గురించి వీధిలో విచారిస్తున్నారని అమ్మ నొచ్చుకుంది. నాకు మాత్రం, ఇరుగుపొరుగుకు తెలిసిన కోపతాపాలు కాగితం మీద కనిపించవు కనుక, ఆ విచారణ తప్పనిసరి అనిపించింది.

అసలు చిక్కు వేరే చోట వచ్చింది. తుపాకీ మీద 8గా ఉన్న అంకెను పాత రిజిస్టరులో ఎవరో 3గా రాశారు. దానిని సరిదిద్దించడానికి రెండు నెలలు తిరిగాను. విసుగు కలిగినా, సంఖ్య తప్పితే ఆ ఆయుధం ఎవరిదో తేల్చే దారే మూసుకుపోతుందని అర్థమైంది.

డీలరు కాని వ్యక్తి తన తుపాకీని మరొకరికి అమ్మదలచినా, కొనేవారి పేరు, చిరునామాలతో జిల్లా మేజిస్ట్రేటుకు గాని, సమీప పోలీస్ స్టేషన్ అధికారికి గాని రాతపూర్వకంగా తెలియజేసి, కనీసం 45 రోజులు ఆగాలి. కొనేవారికీ లైసెన్సు ఉండాలి. 2019 సవరణ ఒక్కొక్కరికి రెండు తుపాకులే పరిమితి చేసి, లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. గడువు పెరగడం నాకు అంతగా నచ్చలేదు. ఐదేళ్లలో మనిషి చాలా మారగలడు.

తుపాకీ ఇంకా స్టేషన్‌లోనే ఉంది. సరిచేసిన సంఖ్య ఉన్న రసీదును తాతగారి లెక్కల పుస్తకంలో పెట్టాను.