కీళ్ల అరుగుదల ఉన్న చేతికి తగిన పిస్తోలు: నా అనుభవం

డెబ్బైకి దగ్గరపడుతున్న వయసులో నేను మొదటిసారి తుపాకీ కొన్నాను. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, డాలస్ నగరానికి ఉత్తరాన, ఇళ్లు దూరదూరంగా ఉండే ప్రాంతంలో ఉంటున్నాను. మావారు పోయిన తరువాత ఒంటరిగా ఉండవలసి రావడంతో, అత్యవసర సమయంలో షెరీఫ్ కార్యాలయం నుంచి, అంటే స్థానిక పోలీసుల నుంచి, మనిషి వచ్చేలోగా ఏం చేయాలన్న ప్రశ్న నన్ను చాలాకాలం వెంటాడింది. పిల్లలతో మాట్లాడి, శిక్షణ తీసుకున్న తరువాతే కొనాలన్న షరతుతో ఈ నిర్ణయానికి వచ్చాను. తుపాకీ ఇంట్లో ఉండడం మంచిదా కాదా అన్న చర్చ ఎవరి ఇంటికి వారు చేసుకోవలసినది. బొటనవేళ్ల మొదట్లో కీళ్లు అరిగిపోయి, ఉదయం పూట వేలి కణుపులు బిగుసుకుపోయి, సీసా మూత కూడా తిప్పలేని చేతులతో ఎంపిక ఎలా సాగిందో మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా నాకు అర్థమైన ముఖ్య విషయం చెబుతాను. పిస్తోలు వాడడంలో చేతికి ఒకే పని ఉండదు. స్లైడ్‌ను, అంటే మొదటి తూటా లోపలికి ఎక్కడానికి లాగే పిస్తోలు పై భాగాన్ని, వెనక్కి లాగడం ఒకటి, ట్రిగ్గర్ నొక్కడం ఇంకొకటి, తూటా వెలువడగానే తుపాకీ వెనక్కి తన్నే తన్నును, అంటే రీకాయిల్‌ను, ఓర్చుకోవడం మరొకటి. మ్యాగజైన్‌లో, అంటే పిడిలోకి దూర్చే తూటాల గూటిలో, తూటాలు కూర్చడం వీటికి అదనం. ఈ పనుల్లో ఒక్కొక్కటి చేతిలో ఒక్కొక్క కీలు మీద భారం వేస్తుంది కాబట్టి, "కీళ్లనొప్పులు ఉన్నవారికి ఏ తుపాకీ మంచిది" అని అడిగితే సరైన జవాబు దొరకదు. నా చేతిలో ఏ కీలు ఏ పనికి మొరాయిస్తోందో ముందు తెలుసుకోవాలి. నా చేతులకు వ్యాయామాలు నేర్పుతున్న థెరపిస్టు దీన్ని చక్కగా విడమరచి చెప్పింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దేన్నైనా చిటికెతో పట్టి లాగడం నాకు అన్నిటికన్నా హానికరమని, అరచేతి మొత్తంతో పట్టుకునే పట్టు ఇంకా పనికివస్తుందని ఆమె అన్నది.

దుకాణంలో పెద్ద వయసు ఆడమనిషిని చూడగానే సాధారణంగా ముందుకు తెచ్చేది చిన్న, తేలికైన రివాల్వర్. లాగవలసిన స్లైడ్ లేదు, చూడడానికి సులువుగా ఉంటుంది. అయితే అల్యూమినియం మిశ్రమంతో చేసిన అయిదు తూటాల స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్ బరువు సుమారు 425 గ్రాములే. తుపాకీ ఎంత తేలికైతే అదే తూటా చేతిని అంత గట్టిగా తన్నుతుంది. పైగా ట్రిగ్గర్‌ను ఒకే ఊపున చివరిదాకా నొక్కడానికి 10 నుంచి 12 పౌన్ల బలం కావాలి, అంటే సుమారు అయిదు కిలోలు. అరిగిన చూపుడువేలితో నొక్కేటప్పుడు గురి పక్కకు జరిగిపోయేది. హ్యామర్‌ను, అంటే తూటాను పేల్చే వెనకపక్క సుత్తిని, ముందుగా వెనక్కి లాగి ఉంచితే ట్రిగ్గర్ తేలికవుతుంది, కానీ ఆ లాగడం సరిగ్గా నొప్పి ఉన్న బొటనవేలి పనే. రివాల్వర్ వద్దని, కాల్పుల సాధన చేసే రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చిన మొదటి రోజే తేల్చుకున్నాను. బరువైన ఉక్కు రివాల్వర్ తన్నును బాగా తగ్గిస్తుంది, వేళ్లలో బలం ఉండి మణికట్టు మాత్రమే బలహీనమైనవారికి అది నప్పుతుంది. నా సమస్య అది కాదు.

పిస్తోళ్లలో అసలు పరీక్ష స్లైడ్. చిన్న తూటా అయితే స్లైడ్ తేలిక అని చాలామంది అనుకుంటారు, అది అన్నిసార్లూ నిజం కాదు. .380 అనే చిన్న తూటా వాడే వాల్తర్ పీపీకే వంటి కొన్ని పిస్తోళ్లలో బ్యారెల్ (తూటా వెలువడే గొట్టం), స్లైడ్ ఒకదానితో ఒకటి లాక్ అయ్యే ఏర్పాటు ఉండదు. పేలుడు ఒత్తిడిని స్లైడ్ బరువు, స్ప్రింగు బిగువు మాత్రమే ఆపాలి. అందుకే ఆ స్ప్రింగు గట్టిగా ఉంటుంది. లాక్ అయ్యే ఏర్పాటు ఉన్న పిస్తోలుకు మెత్తని స్ప్రింగు సరిపోతుంది. ఈ సంగతి తెలిసిన తరువాత నేను పిస్తోలును పరిమాణం బట్టి చూడడం మానేశాను.

లాగే పద్ధతి కూడా నేర్చుకోవలసిందే. శిక్షకురాలు చిటికెతో లాగనివ్వలేదు. తుపాకీ మొన గురి వైపే ఉంచి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా పెట్టి, ఎడమ చేతి నాలుగు వేళ్లను స్లైడ్ మీదుగా వేసి మణికట్టు దగ్గరి అరచేతి భాగంతో అదిమిపట్టి, కుడి చేత్తో తుపాకీని ముందుకు తోయమన్నది. బలం వేళ్ల నుంచి కాక భుజం నుంచి వస్తుంది. హ్యామర్ బయటికి కనిపించే పిస్తోళ్లలో ముందుగా హ్యామర్‌ను వెనక్కి ఉంచితే స్లైడ్ ఇంకా తేలికగా కదులుతుంది.

నా చేతికి చివరకు సరిపోయినది స్మిత్ అండ్ వెసన్ వారి ఎం అండ్ పి 380 షీల్డ్ ఈజీ. బలహీనమైన చేతుల కోసమే 2018లో తెచ్చిన రకం ఇది. స్లైడ్ మెత్తగా వస్తుంది. ఎనిమిది తూటాల మ్యాగజైన్ పక్కన చిన్న మీట ఉంటుంది. దాన్ని కిందికి నొక్కిపెడితే తూటాలు పెద్ద శ్రమ లేకుండా లోపలికి జారుతాయి. ట్రిగ్గర్‌కు కావలసిన బలం రివాల్వర్‌లో దాదాపు సగం. పిడి వెనుక ఒక సేఫ్టీ ఉంటుంది, అరచేయి దాన్ని పూర్తిగా అదమకపోతే తుపాకీ పేలదు. చేతి పట్టు మరీ సడలినవారు దీన్ని తప్పక పరీక్షించుకోవాలి. ఇదే వరుసలోని 9 మి.మీ. పిస్తోలును కూడా కాల్చి చూశాను, దాని తన్ను నా బొటనవేలికి ఎక్కువైంది. ఆ 9 మి.మీ. రకాన్ని పాతది కొనేవారు ఒకటి గమనించాలి: 2020 మార్చి, అక్టోబర్ మధ్య తయారైనవాటిలో హ్యామర్ లోపం కారణంగా కంపెనీ 2020 నవంబర్‌లో వాటిని వెనక్కి పిలిచింది. సీరియల్ నంబరు చూసుకోకుండా తీసుకోకూడదు.

స్లైడ్ అసలు లాగలేనివారికి బెరెట్టా వారి టామ్‌క్యాట్, బాబ్‌క్యాట్ వంటి పిస్తోళ్లు ఉన్నాయి. ఒక మీట నొక్కితే బ్యారెల్ వెనుక భాగం పైకి లేస్తుంది, తూటాను నేరుగా అందులో పెట్టి మూసేయవచ్చు. ఇక .380 కన్నా చిన్నదైన .22 తూటా తన్ను చాలా తక్కువ, సాధనకు దానికి మించినది లేదు. కానీ దాన్ని రగిలించే మందు తూటా అడుగు అంచులో ఉంటుంది కాబట్టి పేలకుండా పోయే అవకాశం మిగిలినవాటికన్నా ఎక్కువ. గురి సాధనకు పేరున్న రూగర్ మార్క్ ఫోర్ అనే .22 పిస్తోలును సిద్ధం చేయాలంటే వెనక ఉన్న రెండు చెవులను చిటికెతో పట్టి లాగాలి, నా థెరపిస్టు వద్దన్న పని సరిగ్గా అదే.

ఏ పిస్తోలు నచ్చినా, కొనేముందు కనీసం ఒక పెట్టె, అంటే 50 తూటాలు, కాల్చి చూడమని నా గట్టి సలహా. మణికట్టు వదులైతే స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్లక తూటా ఇరుక్కుంటుంది. మొదటి పది తూటాలకు గట్టిగా ఉన్న చేయి నలభయ్యోదానికి ఎలా ఉంటుందో కూడా అప్పుడే తెలుస్తుంది. కీళ్లు బిగుసుకుని ఉండే ఉదయం పూట ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పరీక్షించాలి. దొంగ మధ్యాహ్నమే వస్తాడన్న హామీ లేదు.

అమెరికాలో ఉన్న మన తెలుగువారికి ఇక్కడి చట్టం గురించి ఒక మాట. పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవారు తుపాకీ కొనుగోలుకు నింపవలసిన 4473 ఫారం నింపి, నేర చరిత్ర తనిఖీ తరువాత కొనవచ్చు. హెచ్1బి, ఎఫ్1 వంటి వీసాల మీద ఉన్నవారికీ, పిల్లలను చూడడానికి బి2 వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకూ, చట్టం చెప్పిన కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకీ గానీ తూటాలు గానీ చేతిలో ఉండడమే నిషేధం. రేంజ్‌లో సరదాగా అద్దెకు తీసుకుని కాల్చినా ఇది వర్తిస్తుంది. ఊరు నుంచి వచ్చిన అమ్మానాన్నలను రేంజ్‌కు తీసుకువెళ్లి ఫోటోలు దిగేవారు దీన్ని తెలుసుకోవాలి.

దాచే పెట్టె ఎంపిక కూడా చేతిని బట్టే. వేలిముద్రతో తెరుచుకునే పెట్టెలు నాకు పనికిరాలేదు. ఆధార్ కేంద్రాల్లో ముసలివారి వేలిముద్రలు పడక పడే అవస్థ మనకు తెలిసిందే, అరిగిన చర్మం ఇక్కడా అంతే. సన్నని తాళంచెవి తిప్పడం బొటనవేలికి నొప్పి. పెద్ద బటన్లు వరుసగా నొక్కితే తెరుచుకునే, బ్యాటరీ అక్కర్లేని ఉక్కు పెట్టె తీసుకుని మంచం పక్కన గోడకు బిగించుకున్నాను. 17 ఏళ్ల లోపు పిల్లలకు తూటాలు నింపిన తుపాకీ అందేలా వదిలేయడం టెక్సస్‌లో నేరం. మనవలు వచ్చిన రోజుల్లో తూటాలు తీసి వేరే గదిలో, వేరే తాళం కింద పెడతాను, వారు వెళ్లిన రాత్రి మళ్లీ నింపుకుంటాను.